వేలికి మందా? బంతికి మందా?

బంతితో ఆడే ప్రతి ఆటలోనూ ఒక పాత తగాదా ఉంది. బంతి విసిరేవాడి చేతిలో బంతి కాక ఇంకేమైనా ఉందా అన్నదే ఆ తగాదా. అమెరికాలో బేస్‌బాల్ ఆడేవాళ్ళకు ఇది నూరేళ్ళు దాటిన గొడవ. మన దగ్గర క్రికెట్‌లో అప్పుడప్పుడు వస్తుంది. వచ్చిందంటే మాత్రం ప్రతి టీ కొట్టూ ఒక కోర్టైపోతుంది, చాయ్ తాగే ప్రతివాడూ ఒక జడ్జీ.

మన కాలేజీ వాళ్ళకు ఆ కోర్టు ఎక్కడుందో చెప్పనక్కర లేదు. నాంపల్లి స్టేషన్ ముందరి నుంచి ఆబిడ్స్ చౌరస్తా దాకా ఎన్ని ఇరానీ హోటళ్ళున్నాయో అన్నీ కోర్టులే. పైగా నడిచిపోయే దూరంలో లాల్ బహాదుర్ స్టేడియం, అదే మన పెద్దలు ఇప్పటికీ ఫతే మైదాన్ అనే చోటు. 1955 నవంబరులో అక్కడ న్యూజిలాండ్‌తో టెస్టు జరిగితే పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో భారతీయుడు చేసిన మొదటి డబుల్ సెంచరీ అదే. ఇప్పుడు టెస్టులు ఉప్పల్‌లో జరుగుతున్నాయి గాని ఈ పేటకు క్రికెట్ పిచ్చి మాత్రం తగ్గలేదు.

ఈ కోర్టుల్లో ఎన్నిసార్లు తీర్పు చెప్పినా మళ్ళీ మొదటికి వచ్చే కేసు ఒకటుంది. అది రవీంద్ర జడేజా కేసు. 2023 ఫిబ్రవరిలో నాగపూర్ టెస్టులో అతను వేలికి ఏదో రాసుకున్నాడు. ఆ వీడియో ముక్క ఇప్పటికీ ఎవరో ఒకరి ఫోనులో తేలుతూనే ఉంటుంది. మా హాస్టల్లో రెండు పార్టీలు. ఒక పార్టీ "మనోడు గాబట్టి వదిలేసిన్రు, ఆస్ట్రేలియావోడైతే ఊకుందుమా?" అంటుంది. ఇంకో పార్టీ "వేలు నొస్తే మందు రాసుకుంటడు, దానికేందిరా లొల్లి?" అంటుంది. ఇద్దరూ గట్టిగానే అరుస్తారు. అరిచేవాళ్ళలో అసలు ఏం జరిగిందో, రూలు ఏం చెబుతుందో చూసినవాళ్ళు తక్కువ. సైన్సు విద్యార్థిని కనుక ఆ రెండూ ఒక చోట పెట్టి చూద్దామని ఈ వ్యాసం రాస్తున్నాను.

జరిగిన సంగతి

2023 ఫిబ్రవరి 9. నాగపూర్ దగ్గరి జామ్‌తా స్టేడియం. ఆస్ట్రేలియాతో బోర్డర్-గవాస్కర్ ట్రోఫీ మొదటి టెస్టు, మొదటి రోజు. మోకాలి ఆపరేషన్ తర్వాత చాలా నెలలకు జడేజా మళ్ళీ టెస్టు ఆడుతున్నాడు. ఆస్ట్రేలియా సగం వికెట్లు పోగొట్టుకుంది. అప్పటికే జడేజా మూడు వికెట్లు తీశాడు. లబుషేన్, రెన్‌షా, స్మిత్. ఆ సమయంలో అతను మన హైదరాబాదు కుర్రవాడు మహమ్మద్ సిరాజ్ దగ్గరికి వెళ్ళి, సిరాజ్ చేతి మీదున్న ఏదో పదార్థాన్ని తీసుకుని, తన ఎడమచేతి చూపుడు వేలికి రుద్దుకోవడం టీవీలో కనిపించింది. జడేజా బంతి వేసేది ఆ చేత్తోనే, తిప్పేది ఆ వేలితోనే.

అంతే, గొడవ లేచింది. ఇంగ్లండు, ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్లు ఇదేమిటని అడిగారు. ఆస్ట్రేలియా 177 పరుగులకు ఆలౌటైంది. జడేజాకు 47 పరుగులకు 5 వికెట్లు. భారత్ ఆ మాచ్‌ను ఒక ఇన్నింగ్స్, 132 పరుగుల తేడాతో మూడో రోజే గెలిచింది.

మాచ్ రిఫరీ ఆండీ పైక్రాఫ్ట్ తీర్పు ఇది. వేలి వాపుకు రాసే ఉపశమనం క్రీము అది అని భారత జట్టు మేనేజిమెంటు చెప్పింది. దాన్ని కేవలం వైద్యం కోసమే రాసుకున్నట్టు రిఫరీ నమ్మాడు. బంతికి పూయలేదు, బంతి స్థితి మారలేదు అన్నాడు. కాని మైదానంలో ఉన్న అంపైర్ల అనుమతి అడగకుండా రాసుకున్నందుకు, ఆట స్ఫూర్తికి విరుద్ధమైన ప్రవర్తన అనే కింద మాచ్ ఫీజులో 25 శాతం జరిమానా, ఒక డీమెరిట్ పాయింటు వేశాడు. జడేజా తప్పు ఒప్పుకున్నాడు కనుక విచారణ అవసరం పడలేదు.

కాబట్టి మా హాస్టల్లో రెండు పార్టీలు చెప్పేదీ పూర్తిగా నిజం కాదు. వదిలేయలేదు, శిక్ష పడింది. అయితే ఆ శిక్ష బంతిని పాడుచేసినందుకు కాదు, అడగనందుకు.

రూలు ఏమంటుంది?

క్రికెట్ నియమాల్లో 41.3 అనే అంకె గల నియమం బంతి సంగతి చూస్తుంది. ఫీల్డింగ్ జట్టువాళ్ళు బంతిని బట్టకేసి రుద్ది మెరిపించవచ్చు, దానికి కృత్రిమ పదార్థమేదీ వాడకూడదు, ఆటకు ఆలస్యం చేయకూడదు. తడిసిన బంతిని తువ్వాలుతో తుడవచ్చు. మట్టి అంటితే అంపైరు కళ్ళముందు తీయవచ్చు. ఇంతకు మించి ఏం చేసినా అది బంతి స్థితిని అన్యాయంగా మార్చినట్టే. అప్పుడు బాటింగ్ చేసే జట్టుకు 5 పరుగులు ఊరికే ఇస్తారు, బంతిని మారుస్తారు, ఆ పైన రిపోర్టు.

ఉమ్మి సంగతి కూడా చెప్పాలి. తరతరాలుగా బౌలర్లు ఉమ్మి పూసి బంతిని మెరిపించేవాళ్ళు. కరోనా వచ్చాక 2020లో అంతర్జాతీయ మాచ్‌లలో దాన్ని ఆపారు, 2022 అక్టోబరు నుంచి నియమాల్లోనే నిషేధించారు. చెమటకు మాత్రం అభ్యంతరం లేదు. అంటే నిన్నటిదాకా ధర్మమైనది ఇవాళ అధర్మం కావచ్చు. పదార్థం అదే, నోరూ అదే, మారింది రూలు. అందువల్ల 'మోసం' అనే మాట వాడేముందు, ఆ రోజు రూలు ఏమిటో చూసుకోవడం మొదటి పని.

బంతికి పూత ఎందుకు పూస్తారు?

ఇప్పుడు కొంచెం సైన్సు. క్రికెట్ బంతి బరువు సుమారు 156 నుంచి 163 గ్రాములు. తోలు చిప్పలు కలిపి నడిమిన కుట్టు వేస్తారు. ఆ కుట్టు కొద్దిగా పైకి లేచి ఉంటుంది. స్వింగ్ అంతా ఆ కుట్టు, ఆ తోలు, చుట్టూ ఉన్న గాలి ఈ మూడింటి సంసారం.

బంతి పోతుంటే దాని ఒంటికి ఆనుకుని పలచని గాలి పొర ఒకటి జారుతుంది. నున్నగా ఉన్న వైపు ఆ పొర నెమ్మదిగా, వరసగా జారి, తొందరగా బంతిని వదిలేస్తుంది. గరుకు వైపు, కుట్టు అడ్డం వచ్చిన వైపు, పొర కలతపడి సుడులు తిరుగుతుంది. విచిత్రమేమంటే అలా కలతపడిన పొరే బంతిని ఎక్కువసేపు అంటిపెట్టుకుని వెనక దాకా వస్తుంది. రెండు వైపులా పొర వదిలే చోటు వేరు కావటంతో బంతి వెనక గాలి ఒక పక్కకు మళ్ళుతుంది, బంతి రెండో పక్కకు జరుగుతుంది. అంటే మామూలు స్వింగ్‌లో బంతి గరుకు వైపుకు వంగుతుంది. బాగా వేగంగా వేసే బౌలరు చేతిలో, బాగా అరిగిన బంతి ఇందుకు తలకిందులుగా నున్నటి వైపుకే వంగుతుంది. దాన్నే రివర్స్ స్వింగ్ అంటారు.

దీన్నిబట్టి ఫాస్ట్ బౌలరుకు కావలసింది ఒక వైపు నున్నగా, ఒక వైపు గరుకుగా ఉండటం. ఆట సాగుతుంటే రెండు వైపులా సమంగా అరుగుతాయి. ఆ తేడా నిలపాలంటే ఒక వైపు మెరుగు పెట్టాలి. మైనమో, వాసెలినో, తీపి కలిసిన ఉమ్మో పూస్తే తోలు మీది సన్నని గుంటలు పూడి మెరుపు నిలుస్తుంది. లేదా రెండో వైపు గోకి గరుకు చేయాలి. క్రికెట్‌లో బంతి దొంగలంతా ఈ రెండు దారుల్లో ఏదో ఒక దారిన పోయినవాళ్ళే.

స్పిన్నరు సంగతి వేరు. జడేజా వంటివాడికి కావలసింది మెరుపు కాదు, పట్టు. వేలు కుట్టు మీద జారకుండా పట్టి తిప్పాలి. వేలికీ తోలుకూ మధ్య ఘర్షణ ఎంత ఉంటే అంత తిప్పగలడు. ఇంటర్ ఫిజిక్సులో చదువుకున్న ఘర్షణ గుణకమే ఇక్కడ పని చేస్తుంది. వేలికి జిడ్డు క్రీము రాస్తే ఘర్షణ తగ్గుతుంది, పెరగదు. జిగురు రాస్తే పెరుగుతుంది. స్టేడియం పక్క దుకాణంలో కొన్న బంతితో మా హాస్టలు వరండాలో ఇది చూశాం. మాలో ఒకడు ఆఫ్ స్పిన్ వేస్తాడు. చూపుడు వేలికి నొప్పి మందు క్రీము రాసుకుని వేస్తే మూడు బంతుల్లో రెండు చేతిలోంచి జారి గోడకు తగిలాయి. దీన్ని ప్రయోగం అనను, లెక్క కట్టి చేసింది కాదు. కాని క్రీము వల్ల స్పిన్నరుకు మేలు జరుగుతుందని వాదించేవాళ్ళు ముందు తమ వేలికి రాసుకుని చూడమని మాత్రం అంటాను.

"స్పిన్నరుకు గాకపోతే ఏంది, అదే బంతి తర్వాత సిరాజ్ చేతికి, షమీ చేతికి పోతది గదా?" అని మావాడొకడు అడిగాడు. మంచి ప్రశ్న. పాత బంతికి రివర్స్ స్వింగ్ అక్కర కనుక మెరుపు పెట్టే ఆశ ఉండవచ్చు. అయితే మెరుపు పెట్టాలంటే ఒక వైపంతా పూసి, బట్టకేసి రుద్దాలి. వేలి కొసకు అంటినంత చాలదు. అట్లా పూసి రుద్దినట్టు ఎవరూ చూపించలేదు.

ఆ రోజు వికెట్ల లెక్క కూడా ఒకసారి చూడండి. జడేజా తీసిన అయిదింటిలో మూడు ఆ క్రీముకు ముందే పడ్డాయి. ఆస్ట్రేలియా పది వికెట్లలో ఎనిమిది స్పిన్నర్లవే. జడేజాకు 5, అశ్విన్‌కు 3. ఇది ఒక్కటే చెబితే "ఇద్దరూ మనోళ్ళే" అనవచ్చు. కాని అదే పిచ్ మీద ఆస్ట్రేలియా తరఫున మొదటి టెస్టు ఆడిన టాడ్ మర్ఫీ 124 పరుగులకు 7 వికెట్లు తీశాడు. అతని వేలికి ఏ మందూ లేదు. ప్రయోగశాలలో పోల్చి చూడటానికి ఒక నమూనాను ఏమీ కలపకుండా పక్కన పెడతాం కదా, మర్ఫీ వికెట్లు అటువంటివి. బంతి తిరిగింది పిచ్ వల్ల.

ఇంతకు ముందు కేసులు

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి అమ్ముతారు, అందరికీ తెలిసిందే. అక్కడ కొన్న పాత క్రీడా పత్రికల కట్టలో నాకు ఒక పాత కేసు దొరికింది. దాన్ని చదివాక జడేజా కేసును నేను చూసే తీరు మారింది.

1977 జనవరి. మద్రాసు చేపాక్‌లో ఇంగ్లండుతో మూడో టెస్టు. అంతకు ముందు నెలలో ఢిల్లీలో మొదటి టెస్టు ఆడిన జాన్ లీవర్ అనే ఎడమచేతి ఫాస్ట్ బౌలరు ఒకే ఇన్నింగ్స్‌లో 46 పరుగులకు 7 వికెట్లు తీసి మనవాళ్ళ నడ్డి విరిచాడు. మద్రాసులో అంపైర్ జూడా రూబెన్‌కు లీవర్ దగ్గరి నుంచి ఊడిన గాజుగుడ్డ పీలిక ఒకటి దొరికింది. దానికి వాసెలిన్ ఉంది. మన కెప్టెన్ బిషన్ సింగ్ బేడీ బంతికి వాసెలిన్ పూస్తున్నారని బహిరంగంగా ఆరోపించాడు. ఇంగ్లండు వాళ్ళ జవాబు వేరు. నుదుటి చెమట కళ్ళలో పడకుండా జట్టు ఫిజియో బెర్నార్డ్ థామస్ సలహాతో లీవర్, విల్లిస్ కనుబొమల మీద ఆ పీలికలు పెట్టుకున్నారన్నారు. ఇంగ్లండు బోర్డు ఆ జవాబును ఒప్పుకుంది. లీవర్‌కు శిక్ష పడలేదు.

ఇప్పుడు నాగపూర్‌ను, మద్రాసును పక్కపక్కన పెట్టండి. రెండు చోట్లా ఒంటి మీద పదార్థం ఉన్న మాట నిజం. రెండు చోట్లా వైద్యం కోసమనే జవాబు. రెండు చోట్లా ఎదుటి పక్షానికి అనుమానం. మద్రాసులో అనుమానపడింది మనం, నాగపూర్‌లో అనుమానం మన మీద. జడేజా మాటను వెంటనే నమ్మినవాళ్ళు లీవర్ మాటను కూడా నమ్మడానికి సిద్ధపడాలి. లీవర్‌ను దొంగ అన్నవాళ్ళు జడేజానూ అనాలి. జెండాను బట్టి తూకపు రాయి మార్చకూడదు. ఇంకో మాట. వాసెలిన్ ఫాస్ట్ బౌలరుకు నిజంగా ఉపయోగపడే పదార్థం, స్పిన్నరు వేలికి క్రీము అటువంటిది కాదు. బేడీ అనుమానానికి సైన్సు తోడుంది. అయినా తోడు వేరు, రుజువు వేరు.

పదార్థం బంతిని నిజంగా తాకినప్పుడు ఏమవుతుందో చెప్పే కేసు మన రాహుల్ ద్రావిడ్‌ది. 2004 జనవరిలో బ్రిస్బేన్‌లో జింబాబ్వేతో వన్డే ఆడుతూ దగ్గు బిళ్ళను బంతి మెరుపు వైపుకు రాసినట్టు టీవీలో కనిపించింది. కావాలని చేసింది కాదని జట్టు చెప్పింది. రిఫరీ క్లైవ్ లాయిడ్ మాచ్ ఫీజులో 50 శాతం జరిమానా వేశాడు. ద్రావిడ్ అంతటి పెద్దమనిషికీ మినహాయింపు లేదు. బంతిని తాకింది కనుక జడేజాకు పడిన దానికి రెట్టింపు పడింది.

ఇక అనుమానానికి తావు లేని కేసు 2018 మార్చిలో కేప్ టౌన్‌లో జరిగింది. ఆస్ట్రేలియా ఆటగాడు బాన్‌క్రాఫ్ట్ బంతిని దేనితోనో రుద్దడం కెమెరాలకు చిక్కింది. చిక్కగానే దాన్ని పాంటులో దాచాడు. అంపైర్లు అడిగితే జేబులోని కళ్ళద్దాలు తుడిచే గుడ్డ చూపించాడు. తర్వాత అది పసుపు టేపు అన్నారు, చివరికి వడ్రంగులు వాడే గరుకు కాగితమని తేలింది. స్మిత్, వార్నర్‌లకు ఏడాది, బాన్‌క్రాఫ్ట్‌కు తొమ్మిది నెలలు నిషేధం పడింది. దాని సెగ మన ఊరికీ తగిలింది. 2016లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు కప్పు తెచ్చిన కెప్టెన్ వార్నరే. ఆ గొడవతో అతను కెప్టెన్సీ వదులుకున్నాడు, 2018 ఐపీఎల్‌కు విలియమ్సన్‌ను కెప్టెన్ చేశారు.

కేప్ టౌన్‌లో అన్నీ ఉన్నాయి. బంతిని మార్చే వస్తువు, మార్చాలనే పథకం, దాచడం, అబద్ధం. మోసం అనే మాటకు అది సరిపోయిన కొలత.

బేస్‌బాల్ వాళ్ళ తంటా

ఈ తగాదాలో మనకంటే ముందు తల పగలగొట్టుకున్నది అమెరికావాళ్ళు. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. ఒకప్పుడు పిచ్చర్లు బంతికి ఉమ్మి పూసి విసిరేవాళ్ళు. 1920లో దాన్ని నిషేధించారు. కాని అదే బతుకుతెరువుగా ఉన్న 17 మందికి ఆట వదిలేదాకా పూసుకోమని మినహాయింపు ఇచ్చారు. వాళ్ళలో చివరివాడు బర్లీ గ్రైమ్స్ 1934 దాకా ఆడాడు. ఒకే మైదానంలో ఒకడికి నేరం, ఇంకొకడికి హక్కు!

ఇప్పటి పిచ్చర్లకు కావలసింది ఉమ్మి కాదు, జిగురు. జిగురుంటే వేలు బంతిని బాగా పట్టి ఎక్కువ చుట్లు తిప్పుతుంది. ఎక్కువ చుట్లు తిరిగే బంతి మీద గాలి ఎక్కువ బలం చూపుతుంది. దాన్ని మాగ్నస్ బలం అంటారు. చేతి చెమట ఆరడానికి చెట్టుబంక నుంచి తీసే రోజిన్ పొడి సంచిని మైదానంలోనే పెడతారు, అది వాడవచ్చు. దేవదారు తారు వంటివి వాడకూడదు. 2014 ఏప్రిల్‌లో న్యూయార్క్ యాంకీస్ పిచ్చర్ మైకేల్ పినేడా మెడకు తారు రాసుకుని దొరికాడు. చలిలో బంతి జారుతోందని రాసుకున్నానని ఒప్పుకున్నాడు. 10 ఆటల నిషేధం. 2021 జూన్ 21 నుంచి అంపైర్లు ప్రతి పిచ్చర్ చేతులూ, టోపీ, గ్లవ్ తడిమి చూడటం మొదలుపెట్టారు.

2023 ఏప్రిల్‌లో మాక్స్ షెర్జర్ అనే మహా పిచ్చర్‌ను చేయి మరీ జిగురుగా ఉందని ఆట నుంచి పంపించారు. రోజిన్, చెమట తప్ప ఏమీ లేదని అతను గట్టిగా వాదించాడు. అయినా 10 ఆటల నిషేధం తప్పలేదు. అనుమతించిన పొడి, ఒంటి చెమట కలిస్తే అనుమతి లేని జిగురైంది. అంపైరు వేళ్ళు ముట్టి చూసి చెప్పగలిగింది జిగురు ఉందని మాత్రమే. ఆ జిగురు వెనక ఉద్దేశాన్ని ఆ వేళ్ళు ఎట్లా ముట్టి చూస్తాయి?

మార్కెట్ యార్డులో ఒక మాట

ఈ ప్రశ్న నాకు ఆట ద్వారా రాలేదు. మాది పత్తి పండించే ఇల్లు. పత్తిలో తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, 12 దాకా కోత, ఆపైన ఉంటే ప్రభుత్వ కేంద్రంలో కొనరు. నేను తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో, నవంబరులో, మంచు పడుతుండగా పొద్దున్నే ఏరిన పత్తిని మా నాయన యార్డుకు తీసుకుపోయాడు. నేనూ ట్రాలీ మీద పోయాను. కొనేవాడు మీటరు గుచ్చాడు. 15 చూపించింది. పదిమంది ముందర "నీళ్ళు గొట్టి తెచ్చినవా పెద్దమనిషీ" అన్నాడు.

మా నాయన ఏమీ అనలేదు. పత్తిని సిమెంటు గచ్చు మీద పరిచి ఎండబెట్టాడు. మధ్యాహ్నానికి 11 చూపించింది, కోతతో కొన్నారు. ఇంటికి వచ్చేటప్పుడు ఒక్కటే మాట అన్నాడు. "నీళ్ళు గొట్టేటోళ్ళు లేరా అంటే ఉన్నరు బిడ్డా. అండ్లనే నన్ను గూడ కలిపిండు."

మీటరు చెప్పింది నిజం. తేమ ఉంది. తేమ ఉంది కనుక తక్కువ ధర ఇస్తాననడం వాడి హక్కు. కాని 'నీళ్ళు కొట్టావు' అన్న మాట మీటరు చెప్పింది కాదు, వాడు కలిపింది. రూలు ప్రకారం కోత వేస్తే మా నాయనకు బాధ లేదు. ఆ మాటతో వచ్చిన బాధ మాత్రం ఏ ఎండకూ ఆరలేదు.

అందుకే ఎవరినైనా మోసగాడు అనేముందు నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. పదార్థం ఉందా? అది ఆటను మార్చిందా, లేక మార్చగలిగినదా? మార్చాలనే ఉద్దేశం ఉన్నట్టు గుర్తులున్నాయా, అంటే దాచడం, అబద్ధమాడటం, పథకం వేయడం? మొదటి ప్రశ్నకు అవునంటే తప్పు కావచ్చు. మూడింటికీ అవునంటేనే మోసం.

మరి జడేజా?

పదార్థం ఉంది, అతనే ఒప్పుకున్నాడు. ఆటను మార్చిందా అంటే లేదని రిఫరీ అన్నాడు. స్పిన్నరు వేలికి క్రీము మేలు కంటే కీడే చేస్తుందని ఘర్షణ సూత్రం అంటుంది. దాచాడా అంటే, దాచాలనుకున్నవాడు అన్ని కెమెరాల ముందు, మైదానం మధ్యలో, ఇంకొకడి చేతి మీది నుంచి తీసి రాసుకోడు. చాలా నెలల తర్వాత టెస్టు ఆడుతూ ఒక్క రోజులో అన్ని ఓవర్లు వేస్తే వేలికి వాపు రావటం వింత కాదు. ఆరు నెలలు కొడవలి పట్టని చేతికి మొదటి రోజు కోతలో బొబ్బలు రావా?

కాబట్టి నా తీర్పు ఇది. జడేజా మోసం చేయలేదు. కాని తప్పు చేశాడు. ఆ తప్పు చిన్నది కాదని కూడా అంటాను. "అంపైరు పది గజాల దూరంల ఉన్నడు, అడగనీకి నోరు లేదా?" అన్న మా వాడి ప్రశ్నకు జవాబు లేదు. అడిగి రాసుకుని ఉంటే క్రీమును అంపైరు చూసేవాడు, ఆ రెండు నిమిషాలతో కథ ముగిసేది. అడగకపోవటం వల్ల మంచి బౌలింగు మీద మచ్చ పడింది, ఏమీ చేయని సిరాజ్ పేరు కూడా ఆ వీడియోలో ఇరుక్కుంది. నిజాయితీపరుడికి కూడా రూలు అవసరమయ్యేది అందుకే. అతని లోపల ఏముందో పక్కవాడికి కనపడదు, అడగటం మాత్రం కనపడుతుంది. ఆ 25 శాతం జరిమానా సరిగ్గా దానికే పడింది, సరిగ్గానే పడింది.

వచ్చే సీజనులో మన కాలేజీ జట్టు ఇంటర్ కాలేజి పోటీలకు పోతుంది. కెప్టెన్‌కు ఈ పుటల ద్వారా ఒక మనవి. మందు డబ్బా, నొప్పి క్రీము, బ్యాండేజి ఏమున్నా టాస్‌కు ముందే అంపైరుకు చూపించండి. మాచ్ మధ్యలో ఎవరికి వేలు నొచ్చినా చేయెత్తి అడిగి, అంపైరు ముందరే రాసుకోండి. ఎదుటి జట్టువాడు ఏదో రాసుకుంటూ కనిపిస్తే అరవకుండా అంపైరుకు చెప్పండి. బంతిని అంపైరు చూస్తాడు. 'దొంగ' అనే మాట మాత్రం, ఆ మూడు ప్రశ్నలకూ జవాబు దొరికేదాకా, నోట్లోనే ఉంచుకోండి.